వయసు మళ్ళిన పెంపుడు కుక్క: ఇంటిలో చేయదగిన ఏర్పాట్లు

పెంపుడు కుక్కకు ముసలితనం వచ్చినదని ఇంటివారు గుర్తించేది కొన్ని చిన్న మార్పుల వలన. గేటు చప్పుడుకు ఎగిరి పరుగెత్తేది ఇప్పుడు తల మాత్రం ఎత్తి చూస్తుంది. మేడమెట్ల వద్ద నిలబడి పైకి చూస్తుంది కాని ఎక్కదు. ఏనాడూ లేనిది హాలులో మూత్రం పోస్తుంది. "దానికి వయసైపోయింది, ఇక ఇంతే" అని పెద్దలు, "బద్ధకం ఎక్కువైంది" అని పిల్లలు అనుకొంటారు. ఈ రెండు మాటలూ చాలాసార్లు తొందరపాటు నిర్ణయాలే. మెట్లు ఎక్కని కుక్కకు తుంటిలోనో, మోకాలిలోనో, వెన్నులోనో నొప్పి ఉండవచ్చు. కీళ్ళనొప్పి వంటి దీర్ఘకాలపు బాధకు కుక్క సాధారణంగా మూలగదు, కుంటడం కూడా తక్కువే. అది కదలడం తగ్గిస్తుంది, అంతే. అందువలన మనం ముసలితనమని పేరుపెట్టి వదలివేసిన దానిలో నిజంగా వయసు తెచ్చినది ఎంత, మన ఇంటి గచ్చు, గడప, పడక కలిగించిన ఇబ్బంది ఎంత, చికిత్సకు లొంగే వ్యాధి ఎంత అని విడదీసి చూడవలసి ఉంటుంది.

ముసలితనం అన్ని కుక్కలకూ ఒకే వయసులో రాదు. అల్సేషియన్, లాబ్రడార్ వంటి పెద్ద జాతులు ఏడెనిమిది సంవత్సరాలకే వృద్ధదశలో అడుగుపెడతాయి. పొమేరేనియన్ వంటి చిన్న జాతులకు పది దాటే వరకు ఆ ఛాయలు కనిపించకపోవచ్చు. మన నాటుకుక్కలు నడుమ ఎక్కడో ఉంటాయి.

ఆయుర్వేదం బాల్యాన్ని కఫప్రధానంగా, యౌవనాన్ని పిత్తప్రధానంగా, వార్ధక్యాన్ని వాతప్రధానంగా చెబుతుంది. రూక్షత్వం, శీతత్వం వాతగుణాలు. వయసు మళ్ళిన కుక్కలో బిరుసెక్కిన వెంట్రుకలు, చలి ఉదయాన బిగుసుకుపోయే కీళ్ళు, తెగిపోయే నిద్ర చూసినప్పుడు ఈ మాట జ్ఞాపకం రాక మానదు. వెచ్చదనం, మెత్తని పడక, వేళ తప్పని ఆహారం, అలజడి లేని స్థలం అనే వాతశమన సూత్రం కుక్కకు కూడా చక్కగా వర్తిస్తుంది. కాని సూత్రం వర్తించినంత మాత్రాన మనిషికి చెప్పిన ద్రవ్యాలు వర్తించవు. ఏనుగులకు పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని సంప్రదాయం వేరుగా ఏర్పడినవి కదా. మనిషి మోతాదును బరువు లెక్కన తగ్గించి కుక్కకు పోయడం ఏ వైద్యమూ కాదు. ఈ విషయానికి మళ్ళీ వస్తాము. ముందుగా అన్ని మందులకంటె మేలుచేసేదీ, అతి తక్కువ మంది పట్టించుకొనేదీ చెప్పవలసి ఉన్నది. అది ఇంటి నేల.

గచ్చు

పూర్వపు ఇళ్ళలో మట్టి అలికిన నేలనో, గరుకైన బండలనో పరచేవారు. కుక్క పాదానికి అక్కడ పట్టు దొరికేది. ఇప్పటి ఇళ్ళలో నునుపు చేసిన గ్రానైటు, పాలరాయి, అద్దంవలె మెరిసే టైల్సు. పడుచు కుక్క కండబలంతో ఆ జారుడును నిభాయించుకొంటుంది. ముసలి కుక్కకు తొడల కండ కరిగి ఉంటుంది కనుక లేవబోయేటప్పుడు వెనుక కాళ్ళు రెండువైపులకూ చీలిపోతాయి. ఒకసారి అలా పడిన కుక్కకు భయం పట్టుకొంటుంది. భయం వలన నడక తగ్గుతుంది, నడక తగ్గినందున కండ ఇంకా కరుగుతుంది, కండ కరిగినందున మరింత జారుతుంది. ఈ చక్రంలో పడి కొద్ది నెలలలోనే కదలలేని స్థితికి వచ్చే కుక్కలున్నాయి.

దీనిని ఇంటిలోనే పరీక్షించవచ్చు. కుక్కను ఒకసారి టైల్సు మీద, మరొకసారి ఆరుబయట మట్టినేల మీద లేచి నిలబడనివ్వండి. మట్టి మీద సులభంగా లేచి, గచ్చు మీద తంటాలు పడితే నేల కూడా దోషియే.

ఇల్లంతా తివాచీలు పరచనక్కరలేదు. కుక్క పడక నుండి నీళ్ళగిన్నెకు, అక్కడి నుండి బయటి గుమ్మానికి అది రోజూ నడిచే దారి ఒకటి ఉంటుంది. ఆ దారి పొడవునా రెండడుగుల వెడల్పున పరుపు ఉంటే చాలు. కొబ్బరిపీచు పట్టాలు, అడుగున రబ్బరు ఉన్న మ్యాట్లు, పాతబడిన యోగా మ్యాట్లు ఇందుకు పనికివస్తాయి. జంపఖానాను మాత్రం ఒట్టి గచ్చు మీద పరచకూడదు. అది కుక్కతోపాటు తానూ జారుతుంది. అడుగున రబ్బరుషీటు వేసి పరవాలి. రెండు పట్టాల నడుమ ఖాళీ వదలకూడదు. గచ్చు కనిపించిన చోట కుక్క ఆగిపోతుంది. ఇల్లు తుడిచే వేళ దానిని ఒక గదిలో ఉంచి, నేల పూర్తిగా ఆరిన తరువాతనే విడిచిపెట్టాలి. జారడం ఒక కారణం. ఫినైలు అంటిన పాదాలను కుక్క నాకుతుందన్నది రెండవది.

గోళ్ళను చూడండి. తిరగడం తగ్గిన కుక్కకు గోళ్ళు అరగక పెరుగుతాయి. గచ్చు మీద నడిచేటప్పుడు టకటకమని చప్పుడు వినిపిస్తే గోళ్ళు నేలను తాకుతున్నట్లే. అప్పుడు వేళ్ళు పైకి లేచి, పాదపు మెత్త సరిగా ఆనదు. గోటిలో కొంతదూరం రక్తనాళం ఉంటుంది. నల్లగోళ్ళలో అది కనిపించదు కనుక వారానికి కొంచెం చొప్పున కొసలు మాత్రమే తీయాలి. చేతకానివారు పశువైద్యశాలలో తీయించుకోవడం మేలు. పాదపు మెత్తల నడుమ పెరిగిన వెంట్రుకలను కూడా కత్తిరించాలి. వాటి వలన పాదం మేజోడు తొడిగినట్లు జారుతుంది.

గడప, మెట్లు

ఎత్తు గడపల వద్ద, వరండా మెట్ల వద్ద ఒక చెక్కను ఏటవాలుగా అమర్చి, దానిమీద పీచుపట్టాను మేకులు పైకి రాకుండా బిగించాలి. వాలు ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక అడుగు ఎత్తుకు కనీసం నాలుగైదు అడుగుల పొడవు చెక్క ఉండాలి. మేడమెట్లకు క్రింద, పైన కూడా చిన్న తడిక కట్టడం అవసరం. ఎక్కగలిగినా దిగలేక దొర్లిపడే ప్రమాదం ఉన్నది. చూపు మందగించిన కుక్క ఉన్న ఇంట నీటి సంపు మూత ఒక్క నిమిషమైనా తెరచి ఉంచరాదు. పిట్టగోడ లేని డాబా మీదకు పోనీయరాదు.

లేవలేని కుక్కను ముందరి కాళ్ళు పట్టుకొని ఎత్తకూడదు. ఒక చేయి రొమ్ము క్రింద, రెండవది తొడల వెనుక ఆనించి, వెన్ను వంగకుండా ఎత్తాలి. పెద్ద కుక్కకైతే పొట్ట క్రిందుగా, తొడల ముందు, ఒక వెడల్పాటి తుండుగుడ్డను జోలెవలె పోనిచ్చి రెండు కొసలూ పైకి పట్టుకొంటే దాని బరువులో సగం మనం మోసినట్లవుతుంది. ఈ ఉపాయంతో ఒక మనిషి సాయంతోనే బయటకు నడిపించి తీసుకురావచ్చు.

పడక

పిడికిలితో నొక్కినప్పుడు నేల తగిలే పరుపు పరుపు కాదు. పాత దూది బొంతలు త్వరలోనే అణగిపోతాయి. ఎప్పుడూ ఒకేవైపు పడుకొనే ముసలి కుక్కకు మోచేతుల వద్ద, తుంటి ఎముక వద్ద చర్మం మొద్దుబారి, తరువాత పుండు పడుతుంది. కనుక నాలుగంగుళాలకు తగ్గని గట్టి ఫోము లేక కొత్తగా ఏకించిన దూది పరుపు వేసి, దానిపై రబ్బరుషీటు, ఆపైన పాత నేతచీరలు రెండు మూడు మడతలుగా పరవాలి. చీరలు తడిసినప్పుడల్లా మార్చి, ఉతికి, ఎండలో ఆరవేయాలి. లేవలేని కుక్కను నాలుగు గంటలకొకసారైనా ప్రక్క మార్చాలి. చలికాలంలో పరుపు క్రింద చెక్కబల్ల ఉంటే నేలచలి ఎక్కదు.

పడక ఎక్కడ వేయాలన్నది కూడా ఆలోచించదగినదే. ముసలిదైనదని పెరటి షెడ్డులోకి పంపివేయడం కొన్ని ఇళ్ళలో జరుగుతున్నది. చూపు, వినికిడి తగ్గిన కుక్కకు ఇంటివారి వాసన, అలికిడి పెద్ద ధైర్యం. నలుగురూ కనిపించే చోట, కాని ఎవరి కాలికీ అడ్డంరాని మూలలో పడక ఉండాలి.

వేసవి గురించి ఒక మాట. రామగుండంలోనో రెంటచింతలలోనో ఉన్నవారికి చెప్పనక్కరలేదు, తక్కిన జిల్లాలలోనూ మే నెల ఎండ ముసలి కుక్కకు ప్రాణాంతకం కాగలదు. కుక్క ముఖ్యంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని పోగొట్టుకొంటుంది. గుండె, శ్వాసనాళం బలహీనపడిన కుక్కకు ఆ శక్తి తగ్గుతుంది. పగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు మొదటినుండీ తక్కువే. నడకను సూర్యోదయానికి ముందే ముగించాలి. ఆగకుండా రొప్పుతూ, తూలుతూ, చొంగ కారుస్తుంటే మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, ఫ్యాను గాలి తగలనిస్తూ, ఆ తరువాత వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. చల్లబరచడం ముందు, ప్రయాణం తరువాత.

కాపడం, మర్దన

బిగిసిన కీళ్ళకు కాపడం మంచి ఉపశమనం. వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన తువ్వాలును, మన మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకొని, సుఖోష్ణంగా ఉన్నప్పుడే తుంటిమీద, మోకాళ్ళమీద పది నిమిషాలు ఉంచాలి. కాలుతున్నదని కుక్క మనకు చెప్పలేదు కదా. మన ఇళ్ళలో వాడే వేడి ఉప్పుమూట కుక్కకు పనికిరాదు. మూటను కొరికి ఉప్పు తింటే అది విషమే అవుతుంది. వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్న కీలుకు కాపడమే వద్దు.

కాపడం తరువాత అరచేతితో మెల్లగా, వెంట్రుకలు వాలిన దిక్కుగా అయిదు నిమిషాలు నిమరడం మంచిది. తైలం లేకుండా పొడిచేతితో చేసినా చాలును. కుక్క తన ఒంటికి పూసినదంతా నాకుతుంది, కనుక పూతమందు కూడా దానికి లోపలికి తీసుకొన్న మందే. కర్పూరం, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ తైలం కలిసిన నొప్పి నూనెలను, బామ్‌లను ఏమాత్రం వాడరాదు.

మన మందుల డబ్బా

ఇల్లాలు జాలిపడి చేసే పనులలో అన్నిటికంటె ప్రమాదమైనది, తన మోకాళ్ళ నొప్పికి వాడే మాత్రలో అరముక్క తుంచి కుక్కకు పెట్టడం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రల వలన కుక్క కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కాగలదు, మూత్రపిండాలు చెడగలవు. పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రక్తాన్ని కూడా పాడుచేస్తుంది. కుక్కల కీళ్ళనొప్పికి తగిన మందులు వేరుగా ఉన్నాయి. వాటినైనా పశువైద్యుడు రక్తపరీక్ష చూసి, బరువునుబట్టి నిర్ణయించాలి. పొరపాటున మన మాత్ర మింగినదని తెలిస్తే ఉప్పునీళ్ళు పోసి కక్కించే ప్రయత్నం చేయకుండా, ఆ మాత్రల అట్టను వెంట పట్టుకొని వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. మలం తారువలె నల్లగా వస్తుంటే లోపల రక్తం పోతున్నదని అనుమానించాలి.

ఇక మన పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసినవి. వెల్లుల్లి వాతహరమని, కీళ్ళవాతానికి వెల్లుల్లి పాలు శ్రేష్ఠమని మనకు తెలుసు. అదే వెల్లుల్లి, దాని బంధువైన ఉల్లి, కుక్క ఎర్రరక్తకణాలను పగులగొట్టి పాండురోగాన్ని తెస్తాయి. పచ్చిదైనా, ఉడికినదైనా, పొడియైనా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను హఠాత్తుగా దెబ్బతీయగలవు. వాతానికి పేరెన్నికగన్న దశమూలారిష్టంలో ద్రాక్ష ఉన్నది. పైగా ఆసవారిష్టాలన్నిటిలోనూ పులిసినందువలన పుట్టిన మద్యాంశం ఉంటుంది. కాబట్టి అరిష్టాలు కుక్కకు పూర్తిగా నిషిద్ధం. పసుపు విషయమై చాలామంది ఆశ పెట్టుకొంటారు. అన్నంలో చిటికెడు పసుపు వలన హాని లేదు, కాని కీళ్ళనొప్పికి అదే చాలునని అసలు చికిత్సను వాయిదావేస్తే హాని ఉన్నది. గుగ్గులు మాత్రలు, లోహభస్మాలు సొంత నిర్ణయంతో వాడవద్దు. ఏ మూలిక ఇస్తున్నా ఆ సంగతిని పశువైద్యునికి దాచకుండా చెప్పాలి.

ఆహారం

ముసలి కుక్కకు అరగదని ఒట్టి పెరుగన్నానికి మార్చడం మన ఇళ్ళలో అలవాటు. దీనివలన కండ మరింత త్వరగా కరుగుతుంది. మూత్రపిండాల వ్యాధి వలన వైద్యుడు వద్దన్నప్పుడు తప్ప, వృద్ధాప్యంలో మాంసకృత్తులు తగ్గించకూడదు. ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం, చేప మంచివి. శాకాహారపు ఇళ్ళలో బాగా మెత్తగా ఉడికిన పప్పు, వెన్న తీసిన పాల విరుగుడు ఇవ్వవచ్చు, అయితే కేవలం వాటిమీదనే నడిపేవారు లోటు భర్తీ గురించి వైద్యుని అడగాలి. సాంబారు, కూర కలిపిన అన్నంలో ఉల్లి ఉంటుందని మరువరాదు. పండుగనాటి పాయసం, చక్కెర పొంగలి కిస్‌మిస్‌తో వస్తాయి. నేయి, వేపుళ్ళు ఎక్కువైతే క్లోమం వాచి వాంతులు పట్టుకొంటాయి.

బరువు మాత్రం పెరగనీయకూడదు. అరచేతిని ప్రక్కటెముకలపై ఆనించి మెల్లగా తడిమితే ఎముకలు చేతికి తెలియాలి. తెలియకపోతే కొవ్వు ఎక్కువైనట్లు. కీళ్ళనొప్పి ఉన్న స్థూలమైన కుక్కకు బరువు తగ్గడమే సగం మందు. రోజు మొత్తం తిండిని రెండు మూడు భాగాలుగా, వేళ తప్పకుండా పెట్టాలి. మెడ వంచలేని కుక్కకు గిన్నెలను చిన్న పీటమీద ఉంచాలి. నీళ్ళు ఒకటికి రెండుచోట్ల పెట్టడం మరువకండి.

చూపు, వినికిడి, రాత్రి సంచారం

ముసలి కుక్క కంటిపాపలో నీలిబూడిద రంగు పొర కనిపించినంతనే శుక్లమని కంగారుపడనక్కరలేదు. కటకం వయసుతో గట్టిపడినందున వచ్చే ఆ ఛాయ చూపును అంతగా చెరపదు. శుక్లం పాలవలె తెల్లగా కమ్ముతుంది. వెలుతురులో చిన్న దూదిఉండను దాని ముందు పైనుండి వదలండి. చప్పుడు లేకుండా పడే దానిని కళ్ళు అనుసరిస్తే చూపు ఉన్నట్లే. కంటిలో తేనె, పన్నీరు, ఆకుపసర్లు వేయవద్దు. చూపు పోయినప్పటికీ ఇంటి పటం దాని మనసులో ఉంటుంది. కనుక సోఫాలు, బల్లలు చోటు మార్చకండి.

చెవులు వినిపించని కుక్కను నిద్రలో హఠాత్తుగా ముట్టుకొంటే ఉలికిపడి కరవవచ్చు. ముందుగా కాలితో నేలను తట్టితే అదురు తెలిసి మేలుకొంటుంది. ఈ సంగతి పిల్లలకు గట్టిగా చెప్పి ఉంచాలి.

కొన్ని కుక్కలు పగలంతా నిద్రించి రాత్రంతా తిరుగుతాయి. గోడవైపు చూస్తూ నిలబడతాయి. తలుపు తెరిచే వైపు కాక బందుల వైపు నిలబడి ఎదురుచూస్తాయి. ఇది మనుషులకు వచ్చే మతిమరుపు వంటిదే. దిద్దరాని మొండితనమని కొట్టడం అన్యాయం. పగలు రెండుసార్లు కొద్దిదూరం నడిపించడం, పడుకొనే ముందు బయటకు తీసుకుపోవడం, దాని దారిలో చిన్న దీపం ఉంచడం వలన కొంత కుదుటపడుతుంది. వైద్యుని వద్ద మందులు కూడా ఉన్నాయి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

చిన్నజాతి ముసలి కుక్క రాత్రివేళ దగ్గుతుంటే కఫమని తులసిరసం, మిరియాల కషాయం పోస్తారు. ఈ దగ్గు తరచు గుండె కవాటం చెడినందున, లేదా పొమేరేనియన్లలో శ్వాసనాళం మెత్తబడి అణగిపోతున్నందున వస్తుంది. సాంబ్రాణి పొగ, దోమల చుట్టలు దీనిని పెంచుతాయి. ఒక కొలత ఇంటిలోనే తీసుకోవచ్చు. గాఢనిద్రలో ఉన్నప్పుడు గడియారం ముందుంచుకొని ప్రక్కలు ఎన్నిసార్లు పైకి లేస్తున్నవో ఒక నిమిషం లెక్కించండి. మామూలుగా అది 30కి లోపు ఉంటుంది. వరుసగా అంతకు మించుతుంటే వైద్యునికి చూపాలి.

నీళ్ళు అదేపనిగా త్రాగడం, మూత్రం ఎక్కువ పోవడం వయసు లక్షణం కాదు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, గ్రంథుల వ్యాధి ఏదైనా కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించని ఆడకుక్క విషయంలో మరింత జాగ్రత్త. ఎదకు వచ్చి తగ్గిన కొన్ని వారాలకు దాహం పెరిగి, తిండి మాని, వాంతులు చేసుకొంటూ నీరసించినదంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. చీము బయటకు కనిపించకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇది గంటలు లెక్కపెట్టవలసిన వ్యాధి. దీనికి ప్రధాన చికిత్స శస్త్రచికిత్సయే. రేపు చూద్దామని ఊరుకొన్న ఇళ్ళు నష్టపోతాయి. అలాగే పొడుగు నడుముగల డాష్‌హండ్ వంటి కుక్క వెనుక కాళ్ళు ఒక్కసారిగా పడిపోతే వెన్నుపూసల నడుమ మెత్త జారినట్లు అనుమానించి, మర్దనలు చేయకుండా ఆనాడే చూపించాలి.

తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి. దూరమైనవారు జిల్లా పశువైద్యశాలలో మొదట చూపించవచ్చు. కదలలేని కుక్కను ఆటోలో తీసుకుపోయేటప్పుడు వెడల్పు చెక్కమీద దుప్పటి పరచి, ప్రక్కకు పడుకోబెట్టి, చెక్కతో సహా ఎత్తాలి. వెళ్ళే ముందు ఒక కాగితంపై అది ఆ వారం తిన్నది, త్రాగిన నీళ్ళు, ఇచ్చిన మందులు, మూలికలు వ్రాసుకోండి. ఉదయపు మూత్రాన్ని కడిగి ఆరబెట్టిన సీసాలో పట్టి తీసుకువెళితే వైద్యునికి పని సులభమవుతుంది. నడక ఎలా ఉన్నదో సెల్‌ఫోనులో పట్టి చూపడం ఇంకా మంచిది. ఆసుపత్రి బల్లమీద, కొత్త వాసనల నడుమ, భయంతో కుక్క తన కుంటును దాచివేస్తుంది.